రెండు మూరల ఒక జానెడు

పొద్దున ఆరు గంటల పదిహేడు నిమిషాలకు గోడ నా టీలో పడింది.

గోడంతా కాదు, రూపాయి బిళ్లంత పెచ్చు. మంచం అంచున కూర్చుని, టీ గ్లాసు స్టూలు మీద పెట్టి, స్కూలుకు ఇంకా ఎంత టైముందో చూద్దామని గడియారం వైపు తిరిగాను. టప్పుమని చప్పుడైంది. గ్లాసులో చూస్తే కొంత సిమెంటు, కొంత పుట్టీ, పైన రెండేళ్ల కింద వేయించిన లేత పసుపు రంగు తేలుతున్నాయి. చెంచాతో తీసేశాను. మళ్లీ టీ పెట్టుకునే ఓపిక లేక అదే తాగేశాను.

మా ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో ఇంట్లో ఏది పడినా, ఏది పగిలినా నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇది టీలో పడింది కాబట్టి లేచి చూశాను. పెచ్చు ఊడిన చోట చెయ్యి పెడితే గోడ చల్లగా, మెత్తగా తగిలింది. ఆ గోడకు అవతల బాత్రూం.

తడి మరక వారం రోజుల్లో పళ్లెమంత అయింది, మూడు వారాల్లో చాటంత. పక్కింటావిడ చూసి ఏనుగులా ఉందంది. పాలు పోసే ఆమె కూర్చున్న పిల్లి అంది. మా మరిది ఫోనులో ఫొటో తీసి, అటూ ఇటూ తిప్పి, "వదినా, అచ్చం మన రంగారెడ్డి జిల్లా మ్యాపు లెక్కనే ఉన్నది. ఇగో, చేవెళ్ల గీడ" అని పెచ్చు ఊడిన చోట వేలు పెట్టాడు. దాంతో చేవెళ్ల కూడా ఊడి కింద పడింది.

నాకది తడిసిన గోడలాగా కనిపించింది. ముప్పై ఏళ్లుగా స్కూల్లో పిల్లలకు ఉపమాలంకారం చెబుతున్నాను. ఇంట్లో దాని అవసరం ఎప్పుడూ రాలేదు.

మా ఆయనకు చేవెళ్లలో పైపుల దుకాణం ఉండేది. పైపులు, నల్లాలు, సింకులు, నీళ్ల ట్యాంకులు. మొయినాబాద్ నుంచి రోజూ స్కూటర్ మీద పోయి వచ్చేవాడు. ఇప్పుడు ఆ దుకాణం మా మరిది చూసుకుంటున్నాడు. ఈ ఇల్లు ఇరవై మూడేళ్ల కింద కట్టాం. గోడలు మేస్త్రి కట్టాడు కానీ, పైపుల పని మాత్రం మా ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. దుకాణంలో కోయగా మిగిలిన ఇనుప పైపు ముక్కలన్నీ పోగేసి తెచ్చి సొంతంగా బిగించాడు. ప్లాను గీయించమంటే నవ్వాడు. "కాగితం మీద నీళ్లు యాడికి గీస్తె ఆడికి వోతయి. గోడల వోతయా?" అన్నాడు.

అందువల్ల మా ఇంట్లో ఏ పైపు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు.

ఖర్చు ఎంతవుతుందో ముందు తెలుసుకుందామని మా మరిది గండిపేట నుంచి ఒక వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ అతన్ని పిలిపించాడు. అతను బూట్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో ఫోనంత యంత్రం. గోడకు ఆనిస్తే కీచుమంది. "మేడమ్, మాయిశ్చర్ లెవెల్స్ చాలా హైలో ఉన్నాయి" అన్నాడు. ఎదుటి గోడకు ఆనించినా కీచుమంది. బీరువాకు ఆనించినా కీచుమంది. మా మరిది ముచ్చటపడి అరచెయ్యి చాపాడు. చేతికి పెడితే అన్నిటికంటే గట్టిగా అరిచింది.

"నాక్కూడ వాటర్‌ప్రూఫింగు చేస్తరా?" అన్నాడు మా మరిది.

"సార్‌కు జెనరల్‌గా స్వెట్టింగ్ ఉంటదా?" అని అతను మర్యాదగా అడిగాడు.

మర్నాడు తొమ్మిది పేజీల రిపోర్టు ఫోనుకు వచ్చింది. వెండి, బంగారం, ప్లాటినం అని మూడు రకాల ప్యాకేజీలు. ఆరో పేజీలో నలుగురున్న కుటుంబం ఒకటి పొడి గోడకు ఆనుకుని పగలబడి నవ్వుతోంది. మా గోడ ఎందుకు తడుస్తుందో ఏ పేజీలోనూ లేదు. బంగారం ప్యాకేజీ లక్షా అరవై వేలు.

మా మరిది చదివి ఫోను కింద పెట్టాడు. "ఈ పైసలకు గండిపేటల రెండు గజాల జాగ వస్తది వదినా. పండనీకి రాకున్న, నిలవడి స్నానమన్న జెయ్యొచ్చు."

తర్వాత వచ్చినవాడు కనకమామిడి ప్లంబరు. నలభై ఏళ్లు దాటిన మనిషి, పొట్టి. మా ఆయన దుకాణంలోనే సామాను కొనేవాడు. లోపలికి వస్తూనే గోడకు దండం పెట్టబోయి, పక్కనున్న మా ఆయన ఫొటోకు పెట్టాడు. తర్వాత స్క్రూడ్రైవరు పిడితో గోడ మీద కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"ఏమంటుంది?" అని అడిగాను.

"ఏమంటలేదమ్మా. నాకు ఈ చెవు సరిగ్గ వినవడది" అని రెండో చెవి పెట్టాడు.

అతని దగ్గర యంత్రం లేదు కానీ, ఖర్చంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది అతనే.

"టీచరమ్మా, గోడల ఒక జాయింటు ఖరాబైంది. కొత్త ముక్క నూటిరవై రూపాలు. మీ షాపులనే దొరుకుతది. గని దాని కాడికి పోవాలె గద? టైల్సు వలగ్గొట్టాలె. గోడ చెక్కాలె. మళ్ల సిమెంటు వెట్టాలె. గీ టైలు ఇప్పుడు వస్తలేదు, బందైంది. వేరే టైలొకటి వెడితె మీరు రోజు స్నానం జేసుకుంట దాన్నే చూస్తరు, నన్నే తిడ్తరు. గందుకని ఆ గోడ టైల్సన్ని మార్చాలె. ఇటు రూముల గోడ ఎండెదాక ఆగాలె. ఎండినంక పుట్టీ, రంగు. ఒక్క గోడకే రంగేస్తె మిగతా మూడు ముసలియైతయి, వాటికి గూడ వెయ్యాలె."

"అంతా కలిపి ఎంత?"

"జాయింటు యాడున్నదో మీరు చెప్తె ఒక్క బొక్కతోని అయిపోతది. తెల్వకపోతె ఎన్ని బొక్కలైతె గంత ఖర్చు."

ఆ మాట నాకు నచ్చింది. నీళ్లకు ఖర్చు లేదు. పాడైన ముక్కకూ లేదనే చెప్పొచ్చు. ఖర్చంతా తెలియకపోవడానికి. తొమ్మిది పేజీల రిపోర్టులో అది లేదు.

"ఇంకో తరీక గూడ ఉన్నది" అన్నాడు ప్లంబరు. "ట్యాంకి కాడినుంచి బయటి గోడకు కొత్త ప్లాస్టిక్ లైను కొడ్త. లోపలి పైపులకు మూతలు బిగిస్త. పద్దెనిమిది వేలు, రెండు దినాలు. వెతుకుడు లేదు, వలగ్గొట్టుడు లేదు. లోపలి పైపులు ఇగ సచ్చినట్టే..."

అక్కడ ఆగిపోయాడు. ఫొటో వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "టీ మంచిగున్నదమ్మా" అన్నాడు. నేనింకా టీ ఇవ్వలేదు.

మా మరిది వెంటనే బయటి లైనుకు సరేనన్నాడు. నేను వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో అప్పుడు వాళ్లకు చెప్పలేదు. స్కూటర్ అమ్మేశాం. బట్టలు పదో రోజే ఇచ్చేశాం. దుకాణానికి కొత్త బోర్డు పెట్టారు. పాతది తుప్పు పట్టిందన్నారు, నిజమే. మా ఆయన చేతులతో చేసినవాటిలో ఇంకా నడుస్తున్నది ఆ పైపుల లైను ఒక్కటే. పొద్దున నేను నల్లా తిప్పితే, ట్యాంకు నుంచి ఆయన వేసిన దారిలో తిరిగి నీళ్లు నా బకెట్లో పడేవి. ఆ లైను మూయడం నాకు ఇష్టం లేదు. దాన్ని బాగు చేయించాలి, అంతే. దానికి ముందు ఆ జాయింటు ఎక్కడుందో తెలియాలి.

ఆయన ఫోన్ నంబర్ల డైరీలో దొరికింది. బ అక్షరం కింద, బాబాయి కొడుకు నంబరుకూ బోరు బండి నంబరుకూ మధ్యలో బాత్రూం అని రాసి ఉంది. నంబరు లేదు. ఇట్లా ఉంది:

"బాత్రూం. కిటికీ నుంచి లోపలికి 2 మూ. 1 జా. కిందినుంచి మీదికి 2 మూ. పెద్ద జాయింటు. యాదుంచుకోవాలె."

ఫోన్ చేస్తే ప్లంబరు అరగంటలో వచ్చాడు. డైరీ చూసి ఎగిరి గంతేశాడు. "దొరికింది! మూ అంటె మూర, జా అంటె జానెడు. రెండు మూరల ఒక జానెడు." టేపు తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. "టీచరమ్మా, మూర అంటె?"

"మోచేతి నుంచి నడివేలు కొసదాకా."

"గది నాకు తెల్సు. ఎవల మోచెయ్యి?"

మా ఆయన దుకాణంలో కూడా టేపు వాడేవాడు కాదు. తొండంలా చెయ్యి చాపి పైపు మీద మూరలు వేసేవాడు. టేపు మేకుకు వేలాడుతుండేది, ఎవరైనా పట్టుబట్టితే చూపించడానికి. "టేపు మూతి జారుతది, అబద్ధం చెప్తది. చెయ్యి యాడికి వోతది?" అనేవాడు. చెయ్యి ఎక్కడికీ పోదని ఆయన నిజంగానే నమ్మాడు.

మూరకు ఒక్క ఇంచు తేడా వచ్చినా గోడ మీద బొక్క నాలుగు వేళ్ల మందం పక్కకు పోతుందని ప్లంబరు లెక్క చెప్పాడు. అయినా మొదటి ఆదివారం తన చేతితోనే కొలిచాడు. కిటికీ చెక్కకు మోచెయ్యి ఆనించి, రెండుసార్లు చెయ్యి మార్చి, జానెడు కలిపి, పెన్సిలుతో గుర్తు పెట్టి ఉలి తీసుకున్నాడు. గంటసేపు కొట్టాడు. ఇటుక వచ్చింది. ఇంకా కొట్టాడు. ఇంకో ఇటుక వచ్చింది.

"మంచి ఇటుక" అన్నాడు. "ఇప్పుడు గిసొంటి ఇటుక వస్తలేదు."

రెండో ఆదివారం మా మరిది షర్టు చేతులు పైకి మడిచి వచ్చాడు. "అన్నయి నాయి ఒక్కటే చేతులు. బట్టల షాపుల ఇద్దరికి ఒక్కటే సైజు తీస్తుండె."

"చిన్న సేటూ, సైజు కడుపును వట్టి తీస్తరు" అన్నాడు ప్లంబరు. "మీ చేతులు గల్లపెట్టె దాక అందితె చాలు."

"నీ చేతులైతె దానికి గూడ అందయి. నువ్వు మూర ఏస్తె జానెడొస్తది."

ఆ చేతి లెక్కతో కొట్టిన రెండో బొక్కలో పైపు కనిపించింది. ఇద్దరూ ఒకేసారి అరిచారు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. ప్లంబరు తడిమి చూసి, మొహం తుడుచుకున్నాడు. పైపు ఎండిపోయి ఉంది. ఇంకొంత చెక్కితే ఒక కొస దొరికింది, మూత బిగించి ఉంది. ఇంకొంత చెక్కితే రెండో కొస దొరికింది. దానికీ మూత ఉంది. రెండడుగుల పైపు ఎక్కడినుంచీ రాకుండా ఎక్కడికీ పోకుండా గోడ మధ్యలో పడుకుని ఉంది.

"ఇది దేనికి?" అన్నాను.

ప్లంబరు ఆలోచించాడు. "ముక్క మిగిలినట్టున్నదమ్మా. పారెయ్యబుద్ధి కాలేదేమొ."

బాత్రూంలో రెండు బొక్కలు, పడకగదిలో ఒక జిల్లా. మా మరిది నన్ను పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడాడు. "వదినా, బయటి లైను కొట్టిపిద్దాం. రెండు బొక్కలకే దాని ఖర్చు దగ్గరికొచ్చింది. అన్న ఉన్నా గదే అంటుండె."

"మీ అన్న ఉంటే చెయ్యి చాపి చూపించేవాడు" అన్నాను.

చేతి కొలత ఇంకెక్కడైనా ఉంటుందా అని ఆలోచించాం. గోడ మీది ఫొటో ఆధార్ కార్డు కోసం తీసినదాన్ని పెద్దది చేయించింది. భుజాల దాకే ఉంది. మా మరిది పెళ్లి ఫొటోలు వెతికాడు. అన్నిట్లో ఆయన చేతులు కట్టుకునే ఉన్నాడు. అప్పుడు నాకు దర్జీ గుర్తొచ్చాడు. చేవెళ్లలో మా దుకాణం పక్క గల్లీలోనే ఉంటాడు, మా ఆయన చొక్కాలన్నీ ముప్పై ఏళ్లు ఆయన దగ్గరే కుట్టించుకున్నాడు. కొలతలన్నీ పుస్తకంలో రాసిపెట్టుకునే మనిషి.

మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి అటే బస్సెక్కాను. దర్జీ కుట్టు మిషను ఆపి, అద్దాలు తుడుచుకుని, నాలుగు పుస్తకాలు తిరగేసి పేజీ పట్టుకున్నాడు. "ఇగో సేటుది. ఛాతి నలభై రెండు, మెడ పదహారు..."

"చెయ్యి ఎంత?"

"చెయ్యి పది ఇంచులు."

"పది ఇంచులేనా?"

"సేటు ఎన్నడు పొట్టి చేతుల చొక్కానే గదమ్మా. భుజం కాడినుంచి మోచేతి మీది దాక పది. ఆ కిందిది నేను ఎన్నడు కొలువలే." నా మొహం చూసి ఆయనకు బాధేసినట్టుంది. "నిండు చేతులు కుట్టుమంటరని ప్రతి దసరాకు అడిగిన. 'పైపు లోపల చెయ్యి వెట్టాలె, నిండు చేతులెందుకు' అన్నడు."

మూర మొదలయ్యే చోట ఆయన కొలత ఆగిపోయింది. తిరుగు బస్సులో టికెట్ ఇస్తూ కండక్టరు నన్ను రెండుసార్లు చూశాడు. సీటు కమ్మీకి మోచెయ్యి ఆనించి నా మూర కొలుచుకుంటున్నాను.

మా ఆడబిడ్డకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె దొంతన్‌పల్లిలో యూనివర్సిటీ గేటు దగ్గర టిఫిన్ సెంటరు నడుపుతుంది. మా ఆయనకంటే పదహారేళ్లు చిన్నది, చిన్నప్పుడు ఎక్కువగా ఆయనే ఎత్తుకుని పెంచాడు. ఎవరి నోట విన్నదో, మూడో ఆదివారం స్కూటీ ఆపకముందే గేటు బయటి నుంచి అరవడం మొదలుపెట్టింది.

"నన్నెందుకు పిలువలే? ఊర్ల ఉన్న చేతులన్ని వెట్టి చూసిండ్రంట! దర్జీ దాక వోయినవంట వదినా! నా చెయ్యి కనవడలేదా?"

"నీ చెయ్యి ఆడ చెయ్యి గదనే" అన్నాడు మా మరిది.

"అయితె? ఇంట్ల అన్న ముక్కు, అన్న చెయ్యి నాకొచ్చినయి. నీకు అన్న బట్టతల వచ్చింది. నువ్వు కిటికీకి తల ఆనిచ్చి కొలువు." నా వైపు తిరిగింది. "వదినా, అన్న చేతులు ఎంత పొడుగో తెల్సా? చిన్నప్పుడు మా అవ్వ పూలు కొంటె పూలమ్మెటామెను కొలువనిస్తుండెనా? 'నీ మూర పిల్లి మూర, మా పిలగాడు కొలుస్తడు' అని అన్నను పిలుస్తుండె. నెల తిరిగెవరకు పూలామె మా గల్లికే వచ్చుడు బందువెట్టింది. రాఖీ కట్టినప్పుడల్ల మోచేతికి మోచెయ్యి ఆనిచ్చి చూసుకునేటోళ్లం. పోయిన రాఖీకి గూడ చూసుకున్నం. గోరంత తేడ లేదు."

ప్లంబరు ఆమె చేతిని కింది నుంచి పైకి చూసి, "ఇన్ని దినాలు ఉట్టిగనే నడుము ఇరగ్గొట్టుకున్న గద..." అని గొణిగి పెన్సిలు అందించాడు.

ఆమె గాజులు పైకి తోసుకుంది. కిటికీ చెక్కకు మోచెయ్యి ఆనించింది. ఒక మూర. ప్లంబరు వేలు పెట్టి పట్టుకున్నాడు. ఇంకో మూర. జానెడు. తర్వాత కూర్చుని నేల నుంచి రెండు మూరలు. గీతలు రెండూ కలిసిన చోటు పాత బొక్కలు రెండిటికీ పైన, ఒక టైలు మధ్యలో పడింది. ఈసారి కూడా ఇటుకే వస్తే, నాలుగో బొక్కకు ఇక నేను కూడా ఒప్పుకోలేను.

పదో దెబ్బకే సిమెంటు తడిగా రాలింది. ఇరవయ్యో దెబ్బకు నీళ్లు ప్లంబరు ముక్కు మీద చిమ్మాయి.

"ఉన్నది!" అని అరిచాడు. "సేటు అబద్ధం చెప్పలే!"

చుట్టూ చెక్కి, నీళ్లు ఆపి, టార్చి వేసి చూశాడు. తర్వాత ఉలి కింద పెట్టి, నా వైపు కాకుండా మా మరిది వైపు తిరిగి, "చిన్న సేటూ, ఒక్కసారి చూడుండ్రి" అన్నాడు.

జాయింటు లేదు. లావు పైపులోకి సన్న పైపు దూర్చి ఉంది. వాటిని కలిపే సరైన ముక్క చేవెళ్ల దుకాణంలో డబ్బాల నిండా ఉండేది. ఇక్కడ దాని బదులు నల్లటి రబ్బరు పది పన్నెండు చుట్లు చుట్టి, తీగతో మెలేసి కట్టి ఉంది. మూడు మండలాల ఇళ్లకు సరైన ముక్క ఇచ్చి పంపించిన మనిషి.

"సైకిల్ ట్యూబు" అన్నాడు ప్లంబరు, దవాఖానలో డాక్టరు చెప్పినట్టు మెల్లగా.

తీగ విప్పి ట్యూబు బయటికి లాగాడు. మా ఆడబిడ్డ చేతిలోకి తీసుకుని, నల్లా కింద కడిగి, సాగదీసి చూసింది. దాని మీద గుండ్రటి ఎర్ర అతుకు ఒకటి ఉంది. ఆమె నోరు తెరిచింది.

"ఇది నా ట్యూబు."

"సైకిల్ ట్యూబులన్ని ఒక్క తీరుగనే ఉంటయి" అన్నాడు మా మరిది.

"ఎర్ర అతుకు! కనకమామిడి కాడ ముల్లు దిగితె నేనే ఏపిచ్చిన! ఇది నా సైకిలుది!"

అప్పుడు చెప్పింది. ఇల్లు కడుతున్న ఏడాది ఆమె కనకమామిడి నుంచి మొయినాబాద్ కాలేజీకి సైకిల్ మీద వచ్చేది. ఒక రోజు సగం కట్టిన ఈ ఇంటి ముందు సైకిల్ ఆపి, అన్నకు అన్నం డబ్బా ఇచ్చి, నడిచి కాలేజీకి పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే వెనక చక్రం నేలకు అతుక్కుని ఉంది. తోసుకుంటూ పంచరు దుకాణానికి తీసుకుపోతే, పంచరాయన టైరు విప్పి, "లోపల ట్యూబే లేదమ్మా" అన్నాడు.

"నేనేమన్ననో తెల్సా? 'నువ్వే మాయం జేసినవ్' అంటి పంచరాయనను! ఏడ్చుకుంట ఉరికొచ్చి అన్నను తోలుకపోయిన. అన్న అరగంట కొట్లాడిండు ఆయనతోని. 'ఆడపిల్ల సైకిలు ట్యూబు దొంగతనం జేస్తవా, నీకు సిగ్గు లేదా' అని! రోడ్డు మీద జనమంత జమైండ్రు!"

"నేను గూడ కొట్లాడిన" అన్నాడు మా మరిది నీరసంగా. "ఆయన కాలర్ వట్టుకున్న."

"మరి పంచరాయన ఏమన్నడు?" అన్నాడు ప్లంబరు.

"ఏమంటడు? ముగ్గురం మీదవడ్డం. ఉట్టిగ కొత్త ట్యూబు ఏసిచ్చిండు."

ముందు ఎవరు నవ్వారో గుర్తు లేదు. నేను మాత్రం ఆపుకోలేక బాత్రూం నేల మీద కూర్చున్నాను. చీర తడిసిపోయింది, సిమెంటు పొడి అంటుకుంది. ఆపేద్దామనుకున్నప్పుడల్లా రోడ్డు మధ్యలో నిలబడి న్యాయం కోసం అరుస్తున్న మా ఆయన కళ్ల ముందు కనిపించాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి మామూలుగా అన్నం తిని ఉంటాడు. డైరీ తీసి, బ అక్షరం కింద, యాదుంచుకోవాలె అని రాసి ఉంటాడు.

నవ్వులు తగ్గాక ప్లంబరు గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, నూటిరవై రూపాల ముక్క తెచ్చిన. బిగిస్తె పది నిమిషాల పని. గని నా మాట గూడ ఇనుండ్రి. గీ గోడల్ల ఇంకెన్ని సైకిళ్లున్నయో."

నేను ఆ బొక్కలోకి చూశాను. తుప్పు పట్టిన రెండు పైపులు ఒకదాని నోట్లో ఒకటి ఉన్నాయి. ఇన్ని రోజులు దాన్ని ఆయన పనితనం అనుకుని, మూయనివ్వకుండా కాపలా కాశాను. ఆయన చేసింది వేరే. ఒక మధ్యాహ్నం చేవెళ్ల దాకా పోయి రావడానికి బద్ధకించి, చెల్లెలి సైకిల్ విప్పి, సాయంత్రం ఆ చెల్లెలి తరఫునే కొట్లాడి, ఇరవై మూడేళ్లు మా ఎవరి దగ్గరా నోరు మెదపలేదు. అది గుర్తుండటానికి నేను నల్లా తిప్పాల్సిన పని లేదు.

"బయటి లైను కొట్టు" అన్నాను.

"నేను మొదటి దినం సంది గదే చెప్తున్న" అన్నాడు మా మరిది.

"నువ్వు నోరు ముయ్యిరా, కాలర్ వట్టినోడా" అంది మా ఆడబిడ్డ.

ట్యూబు ఆమే తీసుకుపోయింది, ఎవరినీ అడగలేదు. తిరిగి పోతూ పంచరాయన దుకాణం దగ్గర స్కూటీ ఆపిందట. ఇప్పుడది పెద్ద టైర్ల దుకాణం, ఆయనకు జుట్టు తెల్లబడింది. ట్యూబు ఎదురుగా పెట్టి, తప్పయిందని చేతులు జోడించిందట. ఫోనులో నాకు చెప్పింది.

"ఆయనేమన్నడో తెల్సా వదినా? 'నాకు గప్పుడే సమజైందమ్మా. కొట్లాడిన వారానికి నేను మీ అన్న షాపుకు నల్ల కొననీకి వోయిన. పైసలు తీసుకోలే. ఉట్టిగ నల్ల ఇచ్చే సేటును నేను ఎన్నడన్న చూసిన్నా?' అన్నడు."

ప్లంబరు చెప్పినట్టే రెండు రోజుల్లో బయటి లైను పని అయిపోయింది. దానికి పద్దెనిమిది వేలు. మూడు బొక్కలు పూడ్చడానికి, దొరకని టైల్సు బదులు గోడంతా కొత్తవి వేయడానికి, పడకగది పుట్టీకి, ముసలివయ్యే మిగతా మూడు గోడల రంగుకు ముప్పై ఒక్క వేలు. బాగు చేయించిన ఖర్చు తక్కువ, వెతికిన ఖర్చు ఎక్కువ. మా మరిది ఆ లెక్కల కాగితం చూసి, తన చేతుల వైపు చూసుకున్నాడు.

గోడ ఆరడానికి నెలన్నర పట్టింది. తెల్లటి ప్లాస్టిక్ పైపు బయటి గోడ మీద కిటికీ పక్క నుంచి దిగుతుంది, గేటు దగ్గర నుంచి కూడా కనిపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు మొదటి బకెట్ నీళ్లు కాలిపోతుంటాయి, అవి పక్కన పెట్టి రెండోది పట్టుకోవాలి. గోడ లోపలి పైపులకు ప్లంబరు రెండు వైపులా మూతలు బిగించాడు. వాటిలోకి ఇప్పుడు నీళ్లు వదలడం లేదు.